నాగరాణి చెప్పులు

మనోరమను కూర్చుని ఉండగా చూసినవాళ్లకు ఆమెలో ఏ లోటూ కనిపించదు. జహీరాబాద్‌లో బీదర్ రోడ్డు వైపున్న ఒక ప్రైవేటు దవాఖానలో ఎక్స్‌రే గది బయట బల్ల వేసుకుని కూర్చుంటుంది. వచ్చినవాళ్లను పేరేంటి, ఊరేంటి, ఏ చెయ్యి, ఏ కాలు అని అడిగి చీటీ రాస్తుంది. లోపల రాకేశ్ తీసిన ఫిల్ము బయటికి రాగానే కవర్లో పెట్టి డాక్టరు గదికి పంపుతుంది. నూనె పెట్టి బిగించి దువ్విన జడ, కుచ్చిళ్లు చెదరని చీర, గొంతులో కాస్త దబాయింపు. చెరుకు ట్రాలీ మీంచి పడ్డవాడైనా, ట్రాక్టర్ల కంపెనీలో వేలు నలిగినవాడైనా ఆమె ముందు నోరు మెదపకుండా వరుసలో నిలబడాల్సిందే. లేచి నాలుగడుగులు వేసినప్పుడే సంగతి తెలుస్తుంది. పాలు మరవకముందే పోలియో వచ్చి కుడికాలు చిక్కిపోయింది. ఎడమ పాదం అందరి పాదంలాగే పెరిగింది. కుడి పాదం చిన్నపిల్ల పాదంగానే ఆగిపోయింది.

నడకతో ఆమెకు పెద్ద పేచీ లేదు. ఊళ్లో కుంటేవాళ్లు తక్కువేమీ లేరు, సగం మంది ఆమె బల్ల ముందుకే వస్తారు. పేచీ అంతా చెప్పులతోనే.

మన దగ్గర చెప్పులకు రెండు బతుకులు. కాళ్లకు ఉన్నంతసేపు ఒకటి, గడప బయట విడిచాక ఇంకొకటి. మొదటి బతుకులో చీర కుచ్చిళ్లు దిగి అన్నీ కప్పేస్తాయి. రెండో బతుకులో కప్పేవాళ్లు లేరు. పెళ్లింటి ముందు, చుట్టాలింటి ముందు, చర్చి మెట్ల ముందు విడిచిన చెప్పుల్లో మనోరమ జత ఒక పెద్దదీ ఒక చిన్నదీగా, తల్లీపిల్లల్లా పక్కపక్కన పడి ఉండేది. వచ్చే పోయే ప్రతివాడూ ఒకసారి చూసి, తలెత్తి ఇవి ఎవరివా అని వెతికేవాడు. ఆ వెతుకులాట ఉందే, దాన్నే ఆమె భరించలేకపోయేది.

అందుకు ఉపాయం కనిపెట్టింది వాళ్లమ్మ తారాబాయి. హాస్టల్లో ఆయాగా చేసిన మనిషి, ఉపాయాలకు కరువు లేదు. చర్చి మెట్ల పక్కన నీళ్ల నల్లా దగ్గర ఒక మూల ఉంది. కూతురు చెప్పులు అక్కడ విడిచాక, వాటి నడుమ తన చెప్పుల జత పెట్టేది. అటు పెద్దది, ఇటు చిన్నది, మధ్యలో అమ్మవి. చూసినవాడికి ఏది ఏ జతలోదో తేలేది కాదు. కూతురు పెద్దదై ఉద్యోగం చేస్తున్నా ఆ పని మాత్రం తల్లిదే. దాని గురించి ఇద్దరూ ఎన్నడూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

చెప్పులు కొనడమూ తారాబాయి పనే. ఈ ప్రాంతంలో ఇంట్లో ఉన్న మనిషికి బజారు నుంచి చెప్పులు తేవాలంటే, పాదం పక్కన చీపురుపుల్ల పెట్టి, బొటనవేలి దగ్గర తుంచి, ఆ పుల్ల పట్టుకుని దుకాణానికి పోతారు. అందరూ ఒక పుల్ల పట్టుకుపోతే తారాబాయి రెండు పట్టుకుపోయేది. చిన్నదానికి ఎర్ర దారం చుట్టి ఉండేది. ఒకే రకంలో ఒక పెద్ద జత, ఒక చిన్న జత తెచ్చేది. పెద్ద ఎడమ, చిన్న కుడి కూతురికి. మిగిలిన పెద్ద కుడి, చిన్న ఎడమ పడేయడానికి ఆమెకు చేతులు రాలేదు. "కొత్తయి ఎట్ల పారేస్తం? ఎవరికన్న పనికొస్తయి తియ్" అని మంచం కింద రేకు పెట్టెలో వేసేది.

ఎవరికి పనికొస్తాయి? కుడికాలు బాగుండి ఎడమకాలు చిక్కిపోయిన ఆడపిల్లకు. అటువంటి పిల్ల ఒకతి ఎక్కడో ఉండే ఉంటుందని చిన్నప్పుడు మనోరమ అనుకునేది. బళ్లో ఆడుకునేవాళ్లు తనను గోడ దగ్గర కూర్చోబెట్టి పోయినప్పుడు ఆ పిల్లను పిలుచుకునేది. పేరు కూడా పెట్టింది, నాగరాణి. ఒకటో తరగతిలో తన పక్కన నాలుగు రోజులు కూర్చుని ఊరు మారిపోయిన పిల్ల పేరు అది. నాగరాణి కుంటే వైపు వేరు గనక ఇద్దరూ చేతులు పట్టుకుని నడిస్తే ఒకరి మీదికి ఒకరు ఒరిగి ఎవరూ పడరు. మనోరమకు కొత్త చెప్పులు వచ్చినప్పుడల్లా నాగరాణికీ వచ్చేవి. పెద్దయ్యాక ఆ ఆట మానేసింది గానీ, పెట్టె మాత్రం మంచం కిందే ఉంది. అందులో బుల్లి బుల్లి గజ్జెల చెప్పుల నుంచి నిన్నమొన్నటి తోలు చెప్పుల దాకా అరగని జతలు ఉన్నాయి.

పోయినేడు వానాకాలంలో తారాబాయి నాలుగు రోజుల జ్వరంతో పోయింది. అంతా అయ్యాక, జనం తగ్గాక, ఒక ఆదివారం మనోరమ ఒక్కతే చర్చికి వెళ్లింది. అలవాటు కొద్దీ నల్లా మూలకు పోయి చెప్పులు విడిచింది. నడుమ పెట్టడానికి ఏమీ లేదని అప్పుడు గుర్తొచ్చింది. లోపల చెప్పిన బైబిలు వాక్యం ఒక్క ముక్క చెవికెక్కలేదు. బయటికి వచ్చి చూస్తే మెట్ల నిండా చెప్పులే, ఒకదాని మీద ఒకటి, కాలు పెట్టే సందు లేదు. నల్లా మూల మాత్రం ఖాళీ. ఆ ఖాళీలో తన పెద్దదీ చిన్నదీ రెండే ఉన్నాయి. వాటి దరిదాపుల్లో ఎవరూ చెప్పులు విడవలేదు. వెలివేసినట్టు అనిపించింది ఆమెకు. ఆ పూట నుంచి చర్చికి పోవడం మానేసింది. పాస్టరమ్మ గ్లోరీ ఫోన్ చేస్తే డ్యూటీ ఉందనేది. ఆదివారం ఎక్స్‌రే గదికి తాళం ఉంటుందని గ్లోరీకి తెలియదా? తెలుసు. అయినా సరేనమ్మా అనేది.

ఇల్లు రెండు గదులు. తలుపు తీస్తే హైవే మీద పోయే లారీల చప్పుడు వినిపిస్తుంది. అమ్మ ఉన్నప్పుడు ఆ చప్పుడు వినిపించేది కాదు. టీ పెట్టుకుంటే రెండు కప్పుల నీళ్లు పోసి, తర్వాత ఒక కప్పు పారబోసేది. బల్ల దగ్గర పగలంతా మనుషులతో మాట్లాడి వస్తుందా, ఇంటికొచ్చాక మళ్లీ పొద్దున దాకా నోరు విప్పే పని లేదు. మనిషికి ఇంతకంటే కష్టం ఉండదని నేను అనను, చాలా ఉంటాయి. కానీ ఆమె కష్టం ఆమెది, అది చిన్నదేమీ కాదు.

ఏడాది తిరుగుతుండగా గ్లోరీ ఫోన్ చేసి, ఈసారి డ్యూటీ మాట ఎత్తనివ్వలేదు.

"మనోరమా, వచ్చే నెల మొదటి ఆదివారం మీ అమ్మ జ్ఞాపకార్థం ప్రార్థన పెడుతున్నం. నువ్వు ముందల నిలబడి అమ్మ గురించి నాలుగు మాటలు చెప్పాలె. ఇంకెవరున్నరు చెప్పెతందుకు?"

కాదనడానికి నోరు రాలేదు. ఫోన్ పెట్టేశాక కాళ్ల వైపు చూసుకుంది. ఉన్న చెప్పుల పట్టీలు బస్టాండు దగ్గర కుట్టించి కుట్టించి ఇక కుట్టడానికి తోలు లేదు. కొత్తవి కావాలి. దుకాణంలో నలుగురి ముందు నిలబడి అదొక సైజు, ఇదొక సైజు అని అడగాలంటే అమ్మ లేదు. అడిగి తెచ్చుకున్నా ఏం లాభం? మెట్ల ముందు మళ్లీ ఆ పెద్దదీ చిన్నదీనే.

ఫోన్‌లో వెతకగా వెతకగా ఒకటి దొరికింది. ఎక్కడో పోర్చుగల్ దేశంలో ఒక చిన్న కార్ఖానా, భార్యాభర్తలు నడిపేది. వాళ్లు కుట్టే చెప్పులన్నీ మనోరమలాంటి వాళ్లకే. ముందు మూసి, వెనక పట్టీ ఉన్న తోలు చెప్పులు. గొప్పంతా ఇదీ: రెండు చెప్పులూ పైకి ఒకే కొలతలో ఉంటాయి. చిన్న పాదం చెప్పు లోపల మెత్త వేసి ఇరుకు చేస్తారు, కాలు పొట్టిగా ఉన్న వైపు మడమ కింద లోలోపలే ఎత్తు పెడతారు. తొడిగినవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు. గడప బయట విడిస్తే అవి అందరి చెప్పులే. ఫొటో చూస్తూ మనోరమ టీ చల్లార్చేసుకుంది. ఇన్నేళ్ల తర్వాత తనకు కావలసింది ఏమిటో ఎవరో పరాయి దేశంలో కూర్చుని కనిపెట్టారు.

కొలతల గురించి వాళ్లు చాలానే రాశారు. అక్కడి ముప్పై ఎనిమిది ఇక్కడి అయిదేనని నమ్మొద్దు, ఒక్కో దేశం అంకె ఒక్కో తీరు, సెంటీమీటర్లు పంపండి. పొద్దున కొలవొద్దు, పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది గనక సాయంత్రం కొలవండి. మడమ గోడకు ఆనించి, బరువంతా పాదం మీద వేసి నిలబడండి. వంగి మీరే కొలుచుకుంటే బరువు పక్కకు పోయి కొలత తప్పుతుంది, అందుకని ఇంకొకరిని కొలవమనండి.

ఇంకొకరు. ఆ మాట దగ్గర మనోరమ ఆగిపోయింది.

తారాబాయి కొలిచే తీరు గుర్తొచ్చింది. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "నిమ్మలంగ నిలవడు, నా నెత్తి పట్టుకో" అనేది. అమ్మ తల మీద చెయ్యి ఆనించి నిలబడితే కింద ఆమె పుల్ల తుంచిన చప్పుడు వినిపించేది. ఇప్పుడు ఎవరిని పిలవాలి? రాకేశ్ పొద్దంతా పరాయి కాళ్లు సర్దేవాడే, కానీ తన పాదం వాడి చేతిలో పెట్టడం కంటే చెప్పులు లేకుండా తిరగడం నయం. గ్లోరీని పిలిస్తే పరుగున వస్తుంది. వచ్చి ప్రార్థన చేస్తుంది, తర్వాత స్త్రీల కూటంలో ఈ సంగతి కూడా ప్రార్థన అంశం అవుతుంది. పిలిస్తే ఎవరో ఒకరు వచ్చేవారే. ఆ పిలవడమే ఆమెకు చేతకాదు.

అమ్మ పుల్లలు వెతికింది. దొరకలేదు, ఎప్పుడో ఊడ్చినప్పుడు పోయి ఉంటాయి. చివరికి దవాఖాన నుంచి తెచ్చుకున్న ఖాళీ ఫిల్ము డబ్బా ఒకటి పనికొచ్చింది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, మడమ గోడకు ఆనించి నిలబడి, డబ్బాను కర్రతో తోసి వేళ్లకు ఆనించింది. పక్కకు జరిగి గోడకూ డబ్బాకూ మధ్య టేపు పెట్టింది. ఎడమా, కుడీ రెండూ అట్లాగే. కొలత చక్కగా వచ్చింది. తన తెలివికి తనే మురిసిపోయి, ఆ మాట ఎవరితో చెప్పాలో తెలియక చుట్టూ చూసింది.

ఇక ఆ అంకెలు ఫోన్‌లో నింపాలి. అక్కడ రెండు పాదాల బొమ్మ ఉంది, ఒక్కో పాదం కింద ఒక్కో గడి. బొమ్మ పైన చిన్న అక్షరాల్లో ఏదో ఒక వాక్యం ఉంది. మనోరమ అది చదవలేదు. కుడి ఎడమల సంగతి ఆమెకు ఇంకొకరు చెప్పాలా? ఎక్స్‌రే ఫిల్మును వెనక లైటు వెలిగే పెట్టెకు తగిలిస్తే, ఆ మనిషి మనకు ఎదురుగా నిలబడ్డట్టు లెక్క. మన ఎడమచేతి వైపు కనిపించేది పేషెంటు కుడి. కొత్త నర్సులు అక్కడ తడబడినప్పుడల్లా చివాట్లు పెట్టి నేర్పేది ఆమే. బొమ్మ చూడగానే చెయ్యి దానంతటదే పోయింది. ఎడమచేతి వైపున్న పాదం కింద చిన్న కొలతా, కాలు పొట్టి అన్న మాటా, రెండో దాని కింద పెద్ద కొలతా రాసి పంపేసింది. అమ్మ జ్ఞాపకార్థం ప్రార్థనకు వేసుకోవాలని కూడా ఒక ముక్క రాసింది. "మీకోసం శ్రద్ధగా కుడతాం" అని ఆ కార్ఖానా ఆవిడ జవాబిచ్చింది. తన కోసం ఎవరో ఏదో చేస్తాననడం విని చాలా రోజులైంది, ఆ జవాబును మనోరమ పదేపదే తెరిచి చూసుకుంది.

ఆ నెలంతా ఆమె ఒంటికి కొత్త హుషారు వచ్చింది. పార్సిల్ లిస్బన్‌లో బయలుదేరింది, ముంబయిలో దిగింది అని ఫోన్ చెబుతుంటే, బల్ల దగ్గర కూర్చుని, ముంబయి నుంచి వచ్చే హైవే మీది లారీల చప్పుడును కూడా ఇష్టంగా వింది.

"ఏందక్కా, గంటకోసారి ఫోన్ చూస్తున్నవ్? దుబాయి బావ ఏమన్న పంపుతున్నడా?" అన్నాడు రాకేశ్.

"నోరు మూసుకుని ఆ మోకాలు ఫిల్ము తే" అంది. కానీ నవ్వింది.

జ్ఞాపకార్థ ప్రార్థన రేపనగా శనివారం మధ్యాహ్నం పార్సిల్ దవాఖానకే వచ్చింది. అక్కడ విప్పలేదు. ఇంటికి తెచ్చి, చేతులు కడుక్కుని విప్పింది. ముదురు గోధుమ రంగు తోలు, దారం కుట్టు ఒక్కటి వంకర లేదు. తొడగలేదు ముందు. గడప బయట పక్కపక్కన పెట్టి, పాత చెప్పులతోనే వీధిలోకి నడిచి, దారిన పోయేదానిలా వెనక్కి తిరిగి చూసింది. రెండు చెప్పులు. సమానంగా ఉన్నాయి. ఎవరి ఇంటి ముందైనా ఉండేలాంటి చెప్పులు. ఇంకోసారి వీధి చివరిదాకా పోయి వచ్చి చూసింది.

తర్వాత గడప మీద కూర్చుని తొడగబోయింది. ఎడమ పాదం సగం దాకా కూడా పోలేదు. కుడి పాదం వదులుగా లోపల ఈదులాడింది. లేచి నిలబడితే ఎత్తు మడమ ఎడమ వైపుకు వచ్చి, ఉన్న కుంటు ఇంకా పెరిగింది. రెండుసార్లు, మూడుసార్లు వేసి చూసింది. చెప్పులు మారలేదు, కాళ్లూ మారలేదు.

ఒళ్లు మండిపోయింది ఆమెకు. కుడి ఎడమ తెలియనివాళ్లు చెప్పులెందుకు కుడతారని, వచ్చిన ఇంగ్లీషంతా ఉపయోగించి కార్ఖానాకు రాసింది. ఆవిడ కోప్పడలేదు. మనోరమ నింపి పంపిన బొమ్మనే తిరిగి పంపింది. బొమ్మ పైని చిన్న అక్షరాలను ఇప్పుడు పెద్దవి చేసి చదివింది మనోరమ. మీ పాదాలను మీరు వంగి చూసుకుంటే ఎట్లా కనిపిస్తాయో అట్లాగే ఈ బొమ్మ, అని ఉంది. తను మాత్రం తన పాదాలను ఎదురుగా నిలబడ్డ ఎవరో పేషెంటు పాదాల్లా రాసింది. ఊళ్లోవాళ్ల కుడి ఎడమలన్నీ సరిచేసే మనిషి తన కాళ్ల దగ్గర తప్పింది. పక్కన ఒక మనిషి ఉండి ఉంటే, ఎవరైనా సరే, అదేందే నీ చిన్నకాలు ఇటున్నది గదా అని అనేవారు. అనేవాళ్లు లేకపోయారు. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

వెనక్కి పంపితే విప్పి మళ్లీ కుడతామని, అయితే మీ అమ్మగారి ప్రార్థనకు అందవని, అందుకు బాధగా ఉందని ఆవిడ రాసింది. మనోరమ చెప్పులను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. పెద్ద కుడి, చిన్న ఎడమ. ఇవి ఎవరి కాళ్లకు సరిపోతాయో ఆమెకు బాగా తెలుసు. ఇన్నేళ్లూ తనకు కాక మిగిలినవే తొడిగిన నాగరాణికి, మొదటిసారి కొలత పెట్టి కుట్టించినట్టయింది. నవ్వొచ్చింది, ఆ నవ్వుతోనే ఏడుపూ వచ్చింది.

ఆదివారం పాత చెప్పులే వేసుకుని బయలుదేరింది. కొత్త జతను చేతి సంచిలో పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో చర్చి మెట్ల దాకా తనకే తెలియదు. మెట్లు అప్పటికే చెప్పులతో నిండిపోయాయి. నల్లా మూల ఖాళీగా ఉంది, ఏడాది కిందట ఎట్లా ఉందో అట్లాగే. పాతవి అక్కడ విడిచి, అటూ ఇటూ చూసి, సంచిలోని కొత్త జత తీసి వాటి నడుమ పెట్టింది. అమ్మ పెట్టినట్టే పెట్టింది.

గ్లోరీ పిలిచినప్పుడు లేచి ముందుకు పోయింది. మా అమ్మ ప్రార్థనాపరురాలు, కష్టజీవి అని రాత్రి అనుకున్న మాటలు ఒకటీ నోటికి రాలేదు. "మా అమ్మ నన్ను ఎన్నడు ఒక్కదాన్నే నిలవెట్టలే" అంది. అంతటితో ఆపేసింది. గ్లోరీ వచ్చి భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

అందరూ పోయేదాకా ఆగి బయటికి వచ్చేసరికి, మెట్ల మీద బస్వమ్మ కూర్చుని ఉంది. న్యాల్‌కల్ వైపు పల్లె నుంచి ప్రతి ఆదివారం షేర్ ఆటోలో వచ్చే ముసలమ్మ ఆమె. మోకాళ్ల నొప్పులు గనక అందరికంటే చివర దిగుతుంది. నల్లా మూలకేసి చూస్తూ అంది:

"బిడ్డా, గా నడుమ చెప్పులెవరియి? నీతోని ఎవరన్న వచ్చిన్రా?"

మనోరమ నోట్లోంచి అబద్ధం ఇట్టే వచ్చేసింది. "ఆ, వచ్చింది అవ్వా. నాగరాణి అని, మా దోస్తు."

"గట్లనా! మంచిగైంది. ఏది మరి?"

"లోపలున్నది. వస్తది."

"అయితే చూసే పోత. నువ్వొక్కదానివే ఉంటున్నవని నాకు ఒకటే ఫికరు" అని బస్వమ్మ లేవబోయినది కాస్తా మళ్లీ సర్దుకుని కూర్చుంది. గేటు దగ్గర ఆటో అతను హారన్ కొట్టాడు. "నువ్ పో నాయ్‌నా, ఇంకోదాంట్ల వస్త" అని చెయ్యి ఊపింది.

మనోరమకు తల ప్రాణం తోకకు వచ్చింది. పోయి పక్కన కూర్చుంది. లోపల ఫ్యాన్లు ఆగిపోయాయి. గ్లోరీ తలుపులు మూసి తాళం వేసి, "వందనాలవ్వా, మనోరమా జర పైలం" అని చెప్పి తన దారిన పోయింది. ఇక లోపలి నుంచి రావడానికి ఎవరూ లేరని ముసలమ్మకు మాత్రం తెలియదా? అయినా తాళం వైపు చూస్తూ కూర్చుంది.

"అవ్వా, ఎవ్వరు రాలే" అంది మనోరమ. "నేనొక్కదాన్నే వచ్చిన."

"నాకెరుకే బిడ్డా."

"ఎరుకుంటే మరెందుకు కూసున్నవ్?"

"నువ్వే చెప్తవని కూసున్న." బస్వమ్మ మోకాలు రాసుకుంది. "మీ అమ్మ గూడ గిట్లనే తన చెప్పులు నడుమ పెడుతుండె. నేను చూస్తలేనా? అందరం చూసినం."

మనోరమ ముసలమ్మ వైపు తిరిగింది. "అందరికి ఎరుకనా?"

"ఎరుక లేకేంది? గా మూలకు ఎవ్వరు చెప్పులు ఇడ్వద్దని మేమే అనుకున్నం. తారమ్మకు ఆడ జాగ గావాలె, మల్ల బిడ్డ శిన్నబోతదని. మీ అమ్మ పోయినంక గూడ ఆడ ఇడుస్తలేం. నువ్వొస్తవని."

ఏడాది కిందటి ఆ ఖాళీ మూల మనోరమ కళ్ల ముందు నిలిచింది. తనను వెలివేశారనుకున్న జాగా, తన కోసం అట్టిపెట్టిన జాగా అది. దాని మీద కోపంతో ఒక ఏడాదంతా తలుపులు వేసుకుని కూర్చుంది. ఏడుపు కంటే ముందు కోపమే వచ్చింది ఆమెకు.

"మరి ఒక్కరన్న ఒక్క మాట చెప్పొద్దా అవ్వా?"

"ఏమని చెప్పాలె బిడ్డా? మీరు దాసుకుంటున్రు. దాసుకునేటోళ్లకు మేము చూసినమని ఎట్ల చెప్తం?"

 నిజంగానే ఎట్లా చెబుతారు? ఇన్నేళ్లూ అటువాళ్లు అటే మర్యాదగా నిలబడ్డారు, ఇటువాళ్లు ఇటే నిలబడ్డారు. ఎవరి తప్పూ లేదు. ఎవరి తప్పూ లేకుండానే ఇంత ఒంటరితనం పోగుపడింది.

ఇంకో ఆటో వచ్చింది. బస్వమ్మ మనోరమ భుజం పట్టుకుని లేచి, చెప్పుల్లో కాళ్లు దూర్చి, పోతూ పోతూ కొత్త జతను మరోసారి చూసింది.

"చెప్పులు మంచిగున్నయ్. నీకు రావా?"

"రావు."

"మరెవరికొస్తయి?"

"నాగరాణికే" అంది మనోరమ. ఇద్దరూ నవ్వారు. ఆటో పోయాక చర్చి ముందు మళ్లీ ఆమె ఒక్కతే మిగిలింది.

పాత చెప్పులు తొడుక్కుని, కొత్తవి సంచిలో వేసుకుని నడిచి ఇంటికొచ్చింది. మంచం కింది రేకు పెట్టె లాగి, కొత్త జతను అన్నిటికంటే పైన, నలగకుండా గుడ్డలో చుట్టి పెట్టింది. కార్ఖానా ఆవిడకు ఆ సాయంత్రం రెండు వాక్యాలు రాసింది. చెప్పులు వెనక్కి పంపడం లేదని, అవి సరిపోయే మనిషి దగ్గరికి చేరాయని. తనకు కొత్తవి ఎప్పుడు, ఎక్కడ కొనుక్కుంటుందో ఆమె ఇంకా ఆలోచించలేదు. ఈసారి కొలవడానికి మాత్రం ఎవరినైనా పిలవాలి.

ఎప్పుడూ ఇంట్లోకి వస్తూనే చెప్పులు చేత్తో పట్టుకొచ్చి తలుపు వెనక పెట్టేది ఆమె. ఆ రోజు అవి గడప బయటే ఉన్నాయి, పెద్దదీ చిన్నదీ, నడుమ ఏమీ లేకుండా. చీకటి పడుతుంటే లైటు వేయడానికి లేచినప్పుడు వాటిని ఒకసారి చూసింది. లోపలికి తేలేదు.